టాస్క్ యాప్: బ్రౌజర్లో తెరిచేదా, ఇన్‌స్టాల్ చేసుకునేదా? (ముగ్గురున్న ట్యాక్స్ ఆఫీసుకి)

తెనాలి_చిట్టా
సోమవారం, ఉదయం 9:14

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమేగానీ రాయడం ఇదే మొదలు.

మాది చిన్న ట్యాక్స్ ఆఫీసు. నేను కాక ఒకమ్మాయి, ఒకబ్బాయి, ఇద్దరూ బీకాం. డెబ్బై పైచిలుకు పార్టీలు: రైసు మిల్లులు, మందుల షాపులు, రెండు బంగారం కొట్లు, ఒక స్కూలు. నెల మొదలైతే చాలు, 7న టీడీఎస్ కట్టాలి, 11న అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1, 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న పన్ను కట్టే జీఎస్‌టీ రిటర్ను 3బీ. మూణ్ణెల్లకోసారి రిటర్ను వేసే స్కీములో ఉన్నవాళ్ళకి అవే 13, 22. మధ్యలో అడ్వాన్స్ ట్యాక్సు, నోటీసులకి జవాబులు సరేసరి.

ఇన్నాళ్ళూ గోడ క్యాలెండరు, ఒక లాంగ్ నోట్‌బుక్కు, వాట్సాప్ గ్రూపుతో నెట్టుకొచ్చాం. పోయిన నెల ఒక మందుల షాపు 3బీ నాలుగు రోజులు లేటయింది. రోజుకి 50 చొప్పున 200 రూపాయలు. అది నేనే పెట్టుకున్నాననుకోండి, కానీ సేల్స్ ట్యాక్సు రోజుల నుంచి ఉన్న పార్టీ దగ్గర తల దించుకోవాల్సి వచ్చింది. లెక్కలు 16కే తయారు. అబ్బాయి వేశాడని నేను, అమ్మాయి వేసిందని అబ్బాయి, నేనే వేసి ఉంటానని అమ్మాయి. ఎవరికి వారే యమునా తీరే.

ఇక కంప్యూటర్లో పెట్టాల్సిందే అనుకున్నాం. బ్రౌజర్లో తెరుచుకునేది చాలు పెదనాన్నా అంటున్నాడు మా తమ్ముడి కొడుకు. సిస్టమ్‌లు రిపేరు చేసే అతనేమో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయించుకోండి సార్, నెట్ లేకపోయినా నడుస్తుంది అంటున్నాడు. ఆఫీసులో రెండు సిస్టమ్‌లున్నాయి, ఒకటి పాత విండోస్ 10, 4 జీబీ ర్యామ్. ముగ్గురివీ ఆండ్రాయిడ్ ఫోన్లే. ఏది నయం?

మూసీ_బ్యాక్‌బెంచ్
సోమవారం, ఉదయం 9:40

అన్నా, దీనికింత ఆలోచనెందుకు, బ్రౌజరే. ఇన్‌స్టాల్ చేసినది ఒక్క సిస్టమ్‌లనే ఉంటది. మీ అబ్బాయి టిక్ పెడితే మీకు తెల్వాలె కదా. లింక్ పంపు, లాగిన్ గా, అయిపాయె. అప్‌డేట్ల గోల లేదు, సిస్టమ్ మారినా లొల్లి లేదు.

మన్యం_రెప్
సోమవారం, ఉదయం 11:05

బ్రౌజరు మాట నా ముందు ఎత్తకండి.

నేను మందుల కంపెనీ రెప్‌ని. వారంలో రెండు రోజులు పాడేరు లైను. ఘాట్ ఎక్కడం మొదలెట్టాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఏడాది పాటు బ్రౌజర్లో తెరిచే యాప్ వాడాను. కింద ఊళ్ళో ఉన్నంతసేపు రాజాలా నడిచేది. ఒకరోజు డాక్టరుగారి గది బయట బెంచీ మీద కూర్చుని, పోయినసారి ఆయనకి ఏ శాంపిల్స్ తెస్తానన్నానో చూద్దామని ఫోన్ తీశాను. పొద్దున్న తెరిచిపెట్టుకున్న ట్యాబే. వేలు ఎక్కడ తగిలిందో, పేజీ రీలోడ్ అయింది. తెల్ల తెర మీద, నెట్ లేదని క్రోమ్ చూపించే డైనోసార్ వచ్చి నిలబడింది. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి పిలుపు. ఏం మాట్లాడానో నాకే గుర్తులేదు. ఆ రాత్రే ఫోన్లో ఇన్‌స్టాల్ చేసుకునేది వేసుకున్నాను.

మూసీ_బ్యాక్‌బెంచ్
సోమవారం, ఉదయం 11:09

తెనాలిల ఘాట్ ఎక్కడిదన్నా?

మన్యం_రెప్
సోమవారం, ఉదయం 11:12

ఘాట్ లేదు, కరెంటు పోదా? రూటరు ఆరిపోతే మీ బ్రౌజరూ ఆరిపోతుంది.

మూసీ_బ్యాక్‌బెంచ్
సోమవారం, ఉదయం 11:13

ఫోన్ల హాట్‌స్పాట్ అని ఒకటుంటది.

కోడ్_కూలీ
సోమవారం, మధ్యాహ్నం 1:30

మీరిద్దరూ తలుపు గురించి పోట్లాడుకుంటున్నారు. సామాను ఏ గదిలో ఉందో ఎవరూ అడగట్లేదు. కోడ్ రాయడమే నా కూడు, కొంచెం సాగదీస్తాను, ఓపిక పట్టండి.

వెబ్ అనగానే సమాచారం వాళ్ళ సర్వర్లో ఉంటుందని, ఇన్‌స్టాల్ అనగానే మన డిస్కులో ఉంటుందని అనుకుంటాం. ఒకప్పుడు చాలావరకు నిజమే. ఇప్పుడు డెస్క్‌టాప్ మీద ఇన్‌స్టాల్ చేసే యాప్‌లలో చాలావాటిని విప్పి చూస్తే లోపలుండేది క్రోమ్ ఇంజినే. ఎలక్ట్రాన్ అనే సరంజామాతో వెబ్ పేజీనే డబ్బాలో పెట్టి ఇస్తారు. అలాంటివి రెండు మూడు ఒకేసారి తెరిస్తే మీ 4 జీబీ సిస్టమ్ మూలుగుతుంది. పోనీ ఇన్‌స్టాల్ చేశాం కదా, నెట్ లేకుండా నడుస్తుందిలే అనుకుంటే ఆ హామీ కూడా లేదు. నోట్సు, పనులు రాసుకునే నోషన్‌నే చూడండి, డెస్క్‌టాప్ యాప్ ఎప్పటినుంచో ఉంది, ఆఫ్‌లైన్ సదుపాయం మాత్రం 2025 ఆగస్టులోగానీ రాలేదు.

అలాగని బ్రౌజర్లో నడిచేవన్నీ నెట్ పోగానే చచ్చిపోవు. సర్వీస్ వర్కర్ అని ఒకటుంటుంది. ఒకసారి తెరిచిన పేజీని బ్రౌజర్లోనే దాచి, నెట్ లేనప్పుడు అక్కణ్ణుంచే తీసి చూపిస్తుంది. మీరు రాసిన పనులేమో ఇండెక్స్‌డ్‌డీబీ అనే బ్రౌజరు లోపలి అరలో ఉంటాయి. అలా రాసిన సైట్లని క్రోమ్‌లోనో ఎడ్జ్‌లోనో 'ఇన్‌స్టాల్' నొక్కి మామూలు సాఫ్ట్‌వేర్‌లాగా డెస్క్‌టాప్ మీద పెట్టుకోవచ్చు. ఇప్పుడు దాన్ని ఏ లెక్కలో వేస్తారు?

నేనైతే ఇలా అడుగుతాను. అసలు ప్రతి ఎక్కడుంది? నెట్ లేనప్పుడు చూడనివ్వడమే కాదు, రాయనిస్తుందా? రాసింది నెట్ రాగానే మిగతావాళ్ళకి చేరుతుందా? ఒకే పనిని ఇద్దరు చెరోచోట మారిస్తే ఎవరిది నిలుస్తుంది? ఈ ఆఖరిది చాలామంది పట్టించుకోరు. చివర వచ్చినదాన్నే ఉంచుకుని, ముందుదాన్ని చప్పుడు చేయకుండా చెరిపేసే యాప్‌లున్నాయి.

గురువుగారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ కష్టం నెట్ వల్ల వచ్చింది కాదు. ఫలానా పని ఎవరిదన్నది ముగ్గురికీ ఒకేలా కనపడక వచ్చింది. అంటే ముగ్గురూ చూసే ఉమ్మడి ప్రతి ఒకటి సర్వర్లో ఉండి తీరాలి. దాన్ని ఏ తలుపులోంచి తెరుస్తారన్నది తర్వాత చూసుకోవచ్చు.

పెన్నా_ఒడ్డు
సోమవారం, సాయంత్రం 6:48

కోడ్ గారు చెప్పిన ఆ 'లోపలి అర' గురించి నా గోడు కూడా వినండి.

నాది బొటిక్. కొలతలు, డెలివరీ తేదీలు ఒక వెబ్ యాప్‌లో రాసుకునేదాన్ని. లాగిన్ అడగదు, మెయిల్ అడగదు, తెరవడం, రాయడం. ఎంత హాయిగా ఉందో అనుకున్నా. శ్రావణానికి ముందు ల్యాప్‌టాప్ మరీ నత్తలా అయిందని మా మరిది బ్రౌజరు హిస్టరీ అంతా క్లీన్ చేసి పెట్టాడు. సైట్ డేటా అన్నచోట కూడా టిక్ ఉందట. మళ్ళీ యాప్ తెరిస్తే 'మీ మొదటి పని రాయండి' అని నవ్వుతూ పలకరించింది.

వరలక్ష్మీ వ్రతానికి ఇవ్వాల్సిన జాకెట్లు నలభై ఒకటి. గుడ్డకి గుండుసూదితో గుచ్చిన చీటీలే దిక్కయ్యాయి. రెండు చీటీలు ఊడిపోయాయి కూడా. లాగిన్ అడగలేదంటే అది ఎక్కడికీ పంపట్లేదని, ఉన్నదంతా ఆ ఒక్క బ్రౌజర్లోనే ఉందని నాకు తట్టలేదు. వెబ్ కదా, ఎక్కడో భద్రంగా ఉంటుందిలే అనుకున్నా.

కోడ్_కూలీ
సోమవారం, రాత్రి 7:15

అయ్యో. ఐఫోన్ వాళ్ళకి ఇంకో మెలిక ఉందమ్మా. అందులో ఉండే బ్రౌజరు సఫారీని ఏడు రోజులు వాడుతూ కూడా ఒక సైటు జోలికి వెళ్ళకపోతే, ఆ సైటు బ్రౌజర్లో దాచుకున్నదాన్ని 2020 నుంచి అది తుడిచేస్తోంది. హోమ్ స్క్రీన్ మీద పెట్టుకున్నవాటికి ఆ బాధ లేదు.

పల్నాటి_టెక్స్ట్
సోమవారం, రాత్రి 9:02

అందుకే ఏళ్ళుగా నెత్తీనోరూ కొట్టుకుంటున్నాను, టెక్స్ట్ ఫైలుని మించింది లేదని. 2006లో జీనా ట్రపానీ మొదలుపెట్టిన టుడూ.టీఎక్స్‌టీ పద్ధతి. ఒక పని, ఒక లైను. కంపెనీ మూతపడే భయం లేదు, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది, తెలుగు చక్కగా పడుతుంది. ఇంకాస్త కావాలంటే ఈమాక్స్ అనే ఎడిటర్లో పనుల జాబితాలకి ఆర్గ్ మోడ్ ఉంది, 2003 నుంచి నడుస్తోంది.

గోదారి_గట్టు
సోమవారం, రాత్రి 9:10

అన్నా, ఆయన స్టాఫ్‌కి ఈమాక్స్ నేర్పేసరికి మార్చి 31 దాటిపోతుంది. పైగా ముగ్గురూ ఒకే ఫైలుని డ్రాప్‌బాక్స్‌లో పెట్టి రాస్తే, ఒకేసారి మార్చినప్పుడల్లా రెండో కాపీ ఒకటి పుడుతుంది. ఏది అసలుదో తేల్చుకోవడానికి ఇంకో టాస్క్ రాసుకోవాలి. ఒంటరి మనిషికైతే మీ మాటకి తిరుగులేదు.

పాత_కాపు
మంగళవారం, ఉదయం 7:20

మూతపడే భయం అన్నారు కాబట్టి ఒక మాట. వండర్‌లిస్ట్ అనే టాస్క్ యాప్ గుర్తుందా? జనం విరగబడి వాడేవాళ్ళు. 2015లో మైక్రోసాఫ్ట్ కొంది, 2020 మే 6న మూసేసింది. జాబితాలు తమ సొంత యాప్ మైక్రోసాఫ్ట్ టుడూలోకి మార్చుకునే వీలిచ్చారు కాబట్టి సరిపోయింది. అంతకుముందు ఆస్ట్రిడ్ అని ఉండేది. 2013లో యాహూ కొన్న కొద్ది నెలలకే, ఆ ఆగస్టులోనే మూత. అయితే దాని కోడ్ బయట పెట్టి ఉండటంతో దాని మీదే టాస్క్స్.ఆర్గ్ అనే ఆండ్రాయిడ్ యాప్ పుట్టింది, ఇప్పటికీ బతికే ఉంది.

ఈ రెండూ ఫోన్లో ఇన్‌స్టాల్ చేసుకున్నవే, గమనించండి. ఐకాన్ మన తెర మీద ఉన్నంత మాత్రాన యాప్ మనది కాదు. నేను ఏది మొదలుపెట్టినా ముందు వెతికేది బయటికి తీసుకునే దారి. ఎక్సెల్‌లో తెరుచుకునే సీఎస్‌వీ ఫైలుగానో, కనీసం ప్రింటుగానో.

తెనాలి_చిట్టా
మంగళవారం, ఉదయం 8:55

ఇంతమంది రాస్తారనుకోలేదు, చాలా సంతోషం. సర్వర్లో ఉండేదే కావాలన్నది అర్థమైంది. జాకెట్ల సంగతి చదివి అమ్మాయి వెంటనే తన బ్రౌజరు చూసుకుంది.

ఇక పేర్లు చెప్పండి. ఉచితమైతే మంచిది. ఇంకొకటి, అసలు గంట మోగాలి. 20న సాయంత్రం ఆరింటికి పోర్టల్ తిరుగుతూ కూర్చుంటే ఏం లాభం? 18నే మోగాలి.

గోదారి_గట్టు
మంగళవారం, ఉదయం 9:30

నాకు తెలిసినవి చెప్తాను. గూగుల్ టాస్క్స్ జీమెయిల్ పక్కనే ఉంటుంది, తేలిక. కానీ మామూలు ఖాతాల్లో జాబితాని ఇంకొకరితో పంచుకోలేం, మీకు కుదరదు. మైక్రోసాఫ్ట్ టుడూ ఉచితం. జాబితా పంచుకోవచ్చు, పని ఫలానావాళ్ళదని పేరు తగిలించవచ్చు. విండోస్‌కి, ఆండ్రాయిడ్‌కి యాప్‌లున్నాయి, బ్రౌజర్లోనూ తెరుచుకుంటుంది. టుడూయిస్ట్ నాకు ప్రాణం, కాకపోతే ఉచితంగా అయిదు ప్రాజెక్టులే. అందులో ఇంగ్లీషులో 'ఎవ్రీ మంత్' అని కొడితే తేదీ తనే పట్టుకుంటుంది, 'ప్రతి నెలా' అని తెలుగులో కొడితే మాత్రం తెల్లమొహం వేస్తుంది. ట్రెల్లోలో బోర్డు మీద కార్డులు అటూ ఇటూ జరుపుకోవచ్చు. పార్టీకో కార్డు పెట్టి 'బిల్లులు రావాలి', 'సిద్ధం', 'వేశాం' అని మూడు వరుసలు చేసుకున్న ఆఫీసులు చూశాను.

సర్వరు కూడా మనదే కావాలంటే అందుకు పనికొచ్చే నెక్స్ట్‌క్లౌడ్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని ఫోన్లో టాస్క్స్.ఆర్గ్ కలుపుకోవచ్చు. కానీ దాన్ని చూసుకునే మనిషి కావాలి. మీ రిపేరు అతను ఆ పనికి పనికొస్తాడో లేదో మీకే తెలియాలి.

మన్యం_రెప్
మంగళవారం, ఉదయం 10:10

గంట గురించి నేను చెప్తాను, దెబ్బతిన్నవాణ్ణి. ఫోన్లో బ్యాటరీ పొదుపు పేరుతో వెనకాల నడిచే యాప్‌లని పీక నొక్కేస్తారు. యాప్ పెట్టాం, టైం పెట్టాం అని నిద్రపోతే అదీ నిద్రపోతుంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ పరిమితి తీసేయాలి, ఆటోస్టార్ట్ అని ఉంటే అది ఆన్ చేయాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకి అనుమతి అడుగుతుంది, చాలామంది విసుగ్గా వద్దని కొట్టేస్తారు. 14లో కొత్తగా వేసిన యాప్‌కి కచ్చితమైన టైముకి అలారం మోగించే అనుమతి దానంతటది రాదు, 'అలారమ్స్ అండ్ రిమైండర్స్' అన్నచోట మనమే ఇవ్వాల్సి రావచ్చు.

నేనిప్పుడు ఏ యాప్ అయినా ఇలా పరీక్షిస్తాను. ఏరోప్లేన్ మోడ్ పెట్టి కొత్త పని ఒకటి రాసి, పదినిమిషాల తర్వాతకి గంట పెట్టి, ఫోన్ లాక్ చేసి బల్ల మీద బోర్లా పెడతాను. కాఫీ తాగి వస్తాను. మోగితే మొదటి గండం గట్టెక్కినట్టు. అప్పుడు నెట్ వేసి, ఆ పని ఇంకో ఫోన్లో కనపడుతుందో లేదో చూస్తాను.

బెజవాడ_ఆడిట్
మంగళవారం, ఉదయం 11:45

మన వృత్తే కాబట్టి చనువుగా చెప్తున్నాను సార్. టాస్క్ పేరులో పోర్టల్ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ రాసే అలవాటు మా ఆఫీసులోనూ ఉండేది, చేతికందుతుందని. మొదటిరోజే కట్టడి చేయండి. ఉద్యోగం మానేసి వెళ్ళినవాళ్ళ ఫోన్లో ఆ జాబితా ఉండిపోతే డెబ్బై మంది తాళాలు ఉన్నట్టే.

రెండోది, లాక్ స్క్రీన్. ఒకసారి నా ఫోన్ బల్ల మీద వెలిగింది. ఫలానా జ్యుయెలర్స్, నోటీసుకి జవాబు అని పూర్తి పేరుతో. ఎదురుగా కూర్చున్నది అదే బజార్లో ఇంకో బంగారం కొట్టాయన. ఆయన చూడనట్టే తల తిప్పుకున్నాడు, అది ఇంకా ఇబ్బంది. అప్పటినుంచి మా దగ్గర పార్టీలకి పేర్లుండవు, ఫైలు నంబర్లే.

డల్లాస్_బాబాయ్
మంగళవారం, రాత్రి 9:50

మా అమ్మగారి మాత్రల టైములు నేను ఇక్కణ్ణుంచి చూసుకుంటాను. ఇండియాలో ఉన్నప్పుడు ఉదయం 9కి పెట్టిన రిమైండరు ఇక్కడ ముందురోజు రాత్రి పదిన్నరకి మోగుతోంది. అదే మరో యాప్‌లో ఏ దేశం వెళ్ళినా 9కే మోగుతుంది. దీని గురించి ఎవరైనా...

నిర్వాహకుడు
మంగళవారం, రాత్రి 10:05

బాబాయ్ గారూ, టైమ్ జోన్ల సంగతి మంచి ప్రశ్నే, విడిగా మొదలుపెట్టండి, అందరం వస్తాం. ఇక్కడ తెనాలి ఆఫీసు తేలనివ్వండి.

తెనాలి_చిట్టా
మూడు వారాల తర్వాత, శుక్రవారం, ఉదయం 8:30

ఆలస్యానికి మన్నించాలి. నిన్న 11 దాటేదాకా ఊపిరి సలపలేదు.

మైక్రోసాఫ్ట్ టుడూతో మొదలుపెట్టాం. కొత్త సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ చేశాం, పాతదాంట్లో బ్రౌజర్లోనే తెరుస్తున్నాం, ఫోన్లలో యాప్. కాబట్టి మా తమ్ముడి కొడుకూ గెలిచాడు, రిపేరు అతనూ గెలిచాడు.

బల్ల మీద బోర్లా పెట్టే పరీక్ష ముగ్గురం ఒకేసారి చేశాం. నాది మోగింది, అమ్మాయిది మోగింది. అబ్బాయి ఫోన్ ఉలకలేదు, పలకలేదు. బ్యాటరీ సెట్టింగు మార్చాక మోగింది. ఆ పరీక్ష చెయ్యకపోతే 18న ఇంకో యమునా తీరం చూసేవాళ్ళం.

తప్పులు మావి రెండు. మొదట 'జీఎస్‌టీఆర్-1' అని ఒకే పని రాసి దాని కిందే పార్టీలందరినీ పెట్టాం. ఎవరిది ఎవరో మళ్ళీ మొదటికొచ్చింది. ఆదివారం కూర్చుని పార్టీకో పని, పనికో మనిషి అని విడగొట్టాం. కొండవీటి చాంతాడంత అయిందిగానీ ఇప్పుడు నా పేరు మీద ఏమున్నాయో నాకు తెలుసు. ఫైలు నంబర్లే రాశాం, బెజవాడ గారికి నమస్కారం.

రెండోది రిపీట్ దగ్గర. ప్రతి నెలా 11 అని పెట్టినదానికి టిక్ కొట్టగానే వచ్చే నెల తేదీతో అదే పని మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. అలా ఉండటమే సరైనది. అబ్బాయి మాత్రం టిక్ పడలేదనుకుని మళ్ళీ కొట్టాడు. ఒక రైసు మిల్లు రెండు నెలలు ముందుకు పరిగెత్తింది. అమ్మాయి పట్టుకుంది కాబట్టి సరిపోయింది.

ఇంకొకటి మేము అనుకోనిది. 'పార్టీ దగ్గర ఆగినవి' అని అమ్మాయి ఒక జాబితా తెరిచింది, బిల్లులు పంపనివాళ్ళు, ఓటీపీ చెప్పనివాళ్ళు. 9వ తేదీ సాయంత్రం చూస్తే అందులో పద్నాలుగు. మేం లేటు చేస్తున్నామనుకున్నవాటిలో సగం పైన అక్కడే ఉన్నాయి. 10న పొద్దున్నే కూర్చుని పద్నాలుగు మందికీ ఫోన్లు చేశాను. నిన్న రాత్రికి ఒక్కటి మిగిలింది, ఆయన కాశీ వెళ్ళాడట.

పాత_కాపు
శుక్రవారం, ఉదయం 9:05

బాగుంది. బయటికి తీసుకునే దారి చూసుకున్నారా?

తెనాలి_చిట్టా
శుక్రవారం, ఉదయం 9:20

ఎక్సెల్‌లోకి ఒక్క నొక్కుతో తీసే బటన్ మాకు కనపడలేదండీ. జాబితా ప్రింటు తీసి అమ్మాయి ఫైల్లో పెట్టింది.

పల్నాటి_టెక్స్ట్
శుక్రవారం, ఉదయం 9:22

ప్రింటు దాకా వచ్చారు. ఇంకొక్క అడుగు వేస్తే టెక్స్ట్ ఫైలే.

తెనాలి_చిట్టా
శుక్రవారం, ఉదయం 9:31

గోడ క్యాలెండరు కూడా తీయలేదు లెండి. 20 అయ్యాక వచ్చి కలుస్తాను, కాశీ ఆయన ఓటీపీ చెప్తే.